లేచింది, లేపాను

కొట్లాట కేసులో ఇరుక్కున్న వడ్రంగికి వకీలు మూడు రోజులుగా ఒకటే మాట నూరిపోస్తున్నాడు. "'చెయ్యి లేచింది' అనండి చాలు. 'లేపాను' అనకండి. తేడా తెలిసిందా?"

"తెలిసింది బాబూ. చెక్కను రంపమే కోసింది, నేను ఊరికే పట్టుకున్నాను అన్నట్టు."

పక్కనున్న కూతురికి నవ్వొచ్చింది కానీ, మింగేసింది. ఆమెకు ఏడో నెల. వకీలు చేతిలో రక్తపరీక్ష కాగితం ఉంది. త్వరగా కోపం తెప్పించే జన్యువేదో ఈ వంశంలో ఉందట, చెయ్యి లేవడం దాని పనేనట. నాన్నకు శిక్ష తగ్గితే మంచిదే. కానీ కోర్టు ఆ మాట ఒప్పుకుంటే, బిడ్డ పుట్టకముందే బిడ్డకు ముద్ర పడుతుంది. ఇప్పటికే కడుపులో కదిలితే చాలు, అత్తగారు "అదిగో, తాత పోలిక! తన్నడం మొదలెట్టాడు" అంటోంది. సరదాకే అంటోంది. అయినా గుచ్చుకుంటోంది.

కోర్టులో జడ్జిగారు అడిగారు. "తోటి పనివాడి పళ్ళు రాలగొట్టారు. ఏమంటారు?"

"చెయ్యి లే..." అని వడ్రంగి ఆగాడు. వెనక్కి తిరిగి కూతుర్ని చూశాడు. "లేపానండీ."

వకీలు తల పట్టుకున్నాడు.

"కోపం రక్తంలో ఉందేమో, కాదనను. ఆ రక్తంతోనే యాభై ఏళ్ళు ఎవరి మీదా చెయ్యి చేసుకోకుండా బతికానండి. నేను చేసిన తలుపు పొట్టిదైందని వీడు నలుగురిలో నవ్వాడు. తలుపు పొట్టిదే. కొట్టింది నేనే."

"పొట్టిదని ఒప్పుకున్నాడు! రాసుకోండి, రాసుకోండి!" పళ్ళు పోయినాయన బెంచీ మీంచి అరిచాడు. కోర్టంతా గొల్లుమంది.

కోపం రావడం వేరు, కొట్టడం వేరు అన్నారు జడ్జిగారు. నిజం చెప్పినందుకు తగ్గించి, మూడు నెలలు వేశారు.

"నేనొచ్చేసరికి పురుడు దాటిపోతుందేమోనే తల్లీ," అన్నాడు వడ్రంగి, పోలీసు వెంట నడుస్తూ.

"నీ కొలత ఎప్పుడు సరిపోయింది గనక నాన్నా!" కళ్ళు తుడుచుకుంటూనే పకపకా నవ్వింది కూతురు. ఆయనా నవ్వాడు.

వరండాలో వకీలు ఆ కాగితం ఆమెకివ్వబోయాడు. "దాచుకోమ్మా. రేపు మీ వాడికి పనికొస్తుంది."

"వద్దులెండి. మా వాడు తప్పు చేస్తే వాడే ఒప్పుకుంటాడు," అని, పొట్ట మీద చెయ్యేసుకుని, ఎండలోకి హాయిగా నడిచింది.