కారే ఇంట్లో నిచ్చెన

నేను ఒక వెదురు నిచ్చెనను. మెట్లు పదకొండు. సాలూరు దగ్గరి మక్కువ ఊరు దాటి కొండల వైపు వెళ్తే, రోజుకు ఒక్క బస్సు వచ్చే ఊళ్లో, గూనపెంకుల ఇంటి వెనక గోడకు ఆని ఉండేదాన్ని. ఉండేదాన్ని అనడం అబద్ధం. నన్ను ఒకచోట ఉండనిచ్చిన మనిషి లేడు.

నన్ను చేసిన మేదరి గవరయ్య పచ్చి ఆరకముందే అమ్మేశాడు. కొన్నవాడు చింతకాయలు దులపడానికి ఎక్కాడు. పెళ్లి పందిళ్లకు అరువు తిరిగాను. ఎక్కబోయే ముందు అందరూ నన్ను ఊపి చూస్తారు. దిగాక ఎవరూ వెనక్కి చూడరు. ఆఖరున నన్ను కొన్నవాళ్లు వలస వెళ్తూ ఇంటితోపాటు వదిలేశారు. ఇల్లు ఆరేళ్లు తాళంలో ఉంది.

చైత్రంలో లోకనాథం, అతని భార్య చంద్రమతి ఆ ఇల్లు కొని తాళం తీశారు. అతను పట్నంలో మిల్లు పని మానేసి వచ్చాడు. ఆమె కుట్టుమిషను తెచ్చుకుంది. ఇంటి మరమ్మతులో ఇంకొకరి చేయి పడనివ్వనన్నాడు లోకనాథం.

మొదటి వానకు ఇల్లు మూడుచోట్ల కారింది. అతను నన్ను చూరుకు ఆనించి ఎక్కాడు. నా తల కింద ఏదో చిట్లింది. పెంకుల మీద నడిచి మూడు పెంకులు మార్చి దిగాడు. రెండో వానకు అయిదుచోట్ల కారింది. మళ్లీ ఎక్కాడు. మబ్బు కనిపిస్తే చాలు, తినే కంచం వదిలి నా దగ్గరికి వచ్చేవాడు. తూర్పు చూరు, పడమటి చూరు, మళ్లీ తూర్పు. ఎక్కిన ప్రతిసారీ ఆ చప్పుడు విన్నాను. చెప్పడానికి నాకు నోరు లేదు.

తొమ్మిదోచోట కారిన నీళ్లు పక్కింటి పెళ్లికూతురి జాకెట్టు గుడ్డ మీద పడ్డాయి. చంద్రమతి మిషనుకు గోనె చుట్టి గుమ్మంలో పెట్టింది.

“మృగశిర కార్తె వానకి ఇంకొక్క సుక్క మిషను మీద పడితే, నాను సాలూరు మా అక్క దగ్గరికి ఎల్లిపోతాను మావా. నువ్వూ నీ నిచ్చినా కాపరం సేసుకోండి.”

లోకనాథం మర్నాడు పొద్దున్నే వెళ్లి ఎరుకునాయుణ్ణి తీసుకొచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, ఊళ్లో సగం ఇళ్లకు పెంకు నేసినవాడు. అతను లోపలికి వెళ్లనేలేదు. చూరు కింద నిలబడి మెడ ఎత్తాడు.

“నిచ్చిన ఎక్కడేసి ఎక్కినావు బావూ?”

“ఇక్కడే, పెంకు మీద.”

“పైన కాలెక్కడెట్టినావు?”

“పెంకు మీదే.”

“ఇల్లు కారట్లేదు బావూ, నువ్వే కార్పిస్తన్నావు.”

నా రెండు కొసలు ఆనిన ప్రతిచోటా పెంకు పగిలి ఉంది. అక్కడినుంచి పైకి లోకనాథం అడుగులు ఎక్కడ పడ్డాయో పగుళ్లే చెప్పాయి. మూడు చిల్లుల ఇంటిని మేమిద్దరం కలిసి తొమ్మిది చిల్లులది చేశాం.

చంద్రమతి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వు ఆగలేదు. “ఇన్నాళ్లూ పెంకులు పగలగొడతన్నాయని కోతుల్ని తిట్టినాడు తాతా!”

ఎరుకునాయుడు బల్ల మీద నిలబడి చూరు పెంకులు చేత్తో తీశాడు. నన్ను వాసానికి ఆనించి ఎక్కాడు. ఎక్కి, నన్ను వెంట లాక్కుని, గోనెసంచులు పరిచి పైన పడుకోబెట్టాడు. నా మెట్ల మీద కూర్చుని రెండురోజులు పెంకు నేశాడు. మనుషుల చేతిలో ఉండి నేను కదలకుండా ఉన్నది అప్పటికి ఆ రెండురోజులే.

మృగశిర మూడోనాడు మధ్యాహ్నం వాన మొదలై సాయంత్రం దాకా కురిసింది. లోకనాథం గదిగదికీ తిరిగి పైకి చూశాడు. చుక్క పడలేదు. కాసేపటికి లోపలినుంచి మిషను చప్పుడు వినిపించింది.

ఇప్పుడు వెనక గోడకు రెండు మేకుల మీద అడ్డంగా ఉంటున్నాను. ఉరిమితే ఇప్పటికీ నాకు నిలకడ ఉండదు. అతనికీ అంతే. వచ్చి నా మీద చేయి వేస్తాడు.

“ముట్టకు మావా!” అని లోపలినుంచి కేక.

ముట్టినా లాభం లేదు. చంద్రమతి జాకెట్టు గుడ్డల అంచులు పేని నన్ను మేకులకు కట్టేసింది. ఆ ముడి విప్పడం ఆమెకే తెలుసు.