మావయ్య నాలుక

బరంపురం గోసాని నువాగాంలో వెంకటరమణమూర్తి గారి పచ్చళ్ళ కంపెనీకి ల్యాబు ఎక్కడుందని ఎవరన్నా అడిగితే, కోడలు సాయిపద్మ మామగారి నోరు చూపించేది. ఎగతాళి కాదు, నిజమే. పూర్వం ఒక భాగస్తుడు పాళ్ళన్నీ నేర్చుకుని ఎదురుగానే కొట్టు పెట్టేశాడు. ఆ దెబ్బతో కొత్త పచ్చడి ఏదైనా ఇంట్లోనే కలపాలి, ఇంట్లోనే రుచి చూడాలి, బయటి గాలి సోకకూడదు అని ఆయన శాసనం. ఒక్క సీసా భువనేశ్వర్‌లో పరీక్షకి పంపుదాం నాన్నా అని కొడుకు రాఘవేంద్ర పోరి పోరి అలిసిపోయాడు.

ఈసారి ప్రయోగం లేత వెదురుకొమ్ముల పచ్చడి. ఆ కొమ్ముల్ని బాగా ఉడికించి నీళ్ళు వంచకపోతే చేదు మిగిలిపోతుంది. ఆ చేదు తిన్నవాడికి ఆస్పత్రే గతి. పెరట్లో గంగాళాల నిండా ఉడికిన ముక్కలు సిద్ధంగా ఉన్నాయి. ఆయన సరే అంటే కారం, నూనె కలిపేసి ఛత్రపూర్‌లో పెళ్ళివారికి బండి కట్టేస్తారు.

అత్తగారు వరహాలమ్మ మామాకోడళ్ళకి నీళ్ళలో నానిన చద్దన్నం, పఖాళ వడ్డించి, కాసిని ముక్కలు కారం కలిపి నంజుకోడానికి పెట్టింది. చలికాలం జ్వరం తగిలిన దగ్గర్నుంచి ఆయన "ముందు నువ్వు తినమ్మా" అంటున్నారు. కోడలంటే ఎంత గౌరవమో అని సాయిపద్మ మురిసిపోయేది. నిన్న మాత్రం అత్తగారు చాటుకి పిలిచి చీవాట్లు పెట్టింది, రుచి బాగోనప్పుడల్లా మావగారి ఎదట ఆ మూతి తిప్పుడేటి అని.

అందుకే ఇవాళ ముక్క నోట్లో పడగానే చేదు నసాళానికంటినా, పిల్ల మొహం కదపలేదు. ఆయనే చెబుతారులే అనుకుంది. ఆయన ఆమెనే చూస్తూ నమిలారు.

"బేషుగ్గుంది. కలిపీమను."

తన నోరే పాడయిందేమోనని సాయిపద్మ ఇంకో ముక్క తింది. చేదే. పెళ్ళి బంతిలో కూర్చునే చిన్నపిల్లలు గుర్తొచ్చారు. అత్తగారు అప్పటికే పెరట్లోకి కబురు చెప్పడానికి లేచింది.

"మావయ్యా, సేదుగా ఉంది."

ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. గొంతు తగ్గించారు.

"జొరం ఒచ్చిన కాడి నుంచి నాకు రుచి తెలీదమ్మా. నీ మొహం సూసే సెప్తన్నాను. ఇయాల నువ్వు మూతి తిప్పనేదు."

అమ్మ బాబోయ్! అయితే ఇన్నాళ్ళూ బజారుకెళ్ళిన పచ్చళ్ళన్నీ తన మొహం చూసి వదిలినవేనా?

అంతలో రాఘవేంద్ర గుమ్మంలోకొచ్చి, కలిపించెయ్యమంటావా నాన్నా అని అడిగాడు. ఆయన కోడలి వైపు చూశారు. చెప్పకు తల్లీ అని ఆ కళ్ళు బతిమాలుతున్నాయి. మొగుడికి ఉన్నమాట చెప్పెయ్యాలనే ఉంది, కానీ నోరు రాలేదు. ఉన్న బలమంతా పెట్టి మూతి తిప్పింది.

"ఆపరా, సేదుంది. మల్లీ ఉడకెయ్యమను," అన్నారు మూర్తిగారు.

రాఘవేంద్ర పెరట్లోకెళ్ళి గంగాళంలోంచి ఒక ముక్క కొరికి, తూ అని ఉమ్మేసి, నవ్వుకుంటూ తిరిగొచ్చాడు.

"నువ్వే నెగ్గేవు నాన్నా. నీ నాలుక ఉండగా మనకి బయటోళ్ళెందుకు? ఇంకెప్పుడూ ఆ పరీక్ష మాటెత్తను."

ఈ మాట కోసం ఏళ్ళ తరబడి కాచుకున్న మనిషి నవ్వలేదు. కొడుకు పెరట్లోకి వెళ్ళేదాకా పఖాళలో వేలు తిప్పుతూ కూర్చున్నారు.

"పద్మా, రేపు నీకు జలుబు సేస్తే ఏటమ్మా మన గతి?"