పొలిమేర దాటించిన దూడ

తుంగభద్ర కాలువకు నీళ్లు వదిలిన రెండో ఏడు. గుడివాడ పక్కనున్న ఎకరన్నర అమ్ముకుని, సిరిగేరి దగ్గర కోస్తా రైతుల క్యాంపులో ఆరెకరాలు కొన్న వెంకటకృష్ణయ్యకు మొదటి పంట చేతికి రాలేదు. ఇదీ పోతే మూటాముల్లె సర్దుకోవాల్సిందే. అలాంటివాడికి కాలువగట్టు మీద ఒంటరిగా ఒక దూడ కనిపిస్తే ఏమనుకుంటాడు? వెతకబోయిన తీగ కాలికి తగిలిందనుకున్నాడు. దాని మెడలో వేపమండలు, ఒంటినిండా పసుపు. లక్ష్మి నడిచొచ్చిందని మురిసిపోయి, కడిగించి, తన ఎడ్ల పక్కనే కట్టేశాడు. ఆశ పుట్టినచోట ఆరా తీసే ఓపిక ఉండదు మరి.

ఐదోనాడు నాట్ల కూలీ మాట్లాడుకోవడానికి పక్క ఊరి నాగక్క వచ్చింది. కొట్టంలోకి తొంగిచూసి అక్కడే నిలబడిపోయింది.

"అయ్యో సామీ, ఈ దూడ ఈడికెట్లొచ్చె? మా ఊర్లో దొడ్డరోగం వచ్చుండాదప్పా. ఎద్దులు నోట్లో పుండ్లు పడి, పారుకొని సస్తాండాయి. మారెమ్మకు మొక్కి, రోగమంతా ఈ దూడ మీదికి దించి పొలిమేర దాటించినాము. దీన్ని ముట్టకుండా అవతలికి తోలాల. కట్టేసుకుంటారేందప్పా!"

"మాకెవరు చెప్పారు?"

"చెప్పేదేంది? అందరికీ తెలిసిందే కదా!"

అప్పటికే దూడ తలవాల్చేసింది. సాయంత్రానికి చచ్చింది. ఎవరూ చూడకుండా దాన్ని గట్టు వెనక పూడ్చాడు.

"క్యాంపులో చెప్పండి. వాళ్ల గొడ్లనైనా దూరంగా కట్టేసుకుంటారు," అంది భార్య పున్నమ్మ.

"చెబితే మన ఎడ్లను గడప దాటనిస్తారా? రేపట్నుంచి నాలుగు రోజులే మన నీళ్ల వంతు. దమ్ము కానీ, అప్పుడు చెబుదాం."

తేలుకుట్టిన దొంగలా రెండు రోజులు నీళ్లలో చేను దున్ని దమ్ము చేశాడు. పొద్దున్నే ఎడ్ల నోళ్లు తెరిచి చిగుళ్లు చూసేవాడు. ఎవరి గొడ్డు దగ్గరికొచ్చినా చెప్పబోయేవాడు, నోరు మాత్రం లేచేది కాదు. ఒక్క మాట. ఆ ఒక్క మాటకే అంత బరువా!

మూడోనాడు సగం చేలో వలపటి ఎద్దు బురదలో కూలబడింది. నోట్లోంచి సొంగ, భరించలేని కంపు. కాడి విప్పి, దాని తల ఒళ్లో పెట్టుకుని వెంకటకృష్ణయ్య ఏడ్చాడు. రేపు సాయంత్రానికి నీళ్లు కట్టేస్తారు. మడిలో నారు ముదిరిపోతోంది.

అంతలో గట్టు మీద పక్క చేను సీతారామారావు తన ఎడ్లను తోలుకుంటూ వస్తున్నాడు. ఇద్దరూ ఒకే లారీలో సామాను వేసుకుని ఈ దేశం వచ్చినవాళ్లు.

"బావా, ఎండదెబ్బేలే, బెంగపడకు! నా ఎడ్లు కట్టుకో. చీకటిపడేలోపు మిగతా దమ్ము అయిపోద్ది."

వెంకటకృష్ణయ్య ఆ ఎడ్లను చూశాడు, మిగిలిన చేను చూశాడు. నోరు మూసుకుంటే చాలు, పంట నిలబడుతుంది. నిజంగానే ఒక్క క్షణం మూసుకున్నాడు. ముందున్న ఎద్దు బురదలో కాలు పెట్టబోయింది.

"దింపొద్దు బావా! ఎండదెబ్బ కాదు, పెద్దజబ్బు! నా కొట్టంలోకి నేనే తెచ్చుకున్నా!"

సీతారామారావు పగ్గాలు బిగించి లాగాడు. "ఎప్పట్నుంచి?"

"ఆ దూడ చచ్చి మూడు రోజులైంది."

"మూడు రోజులా! మొన్న నా ఎడ్లు మీ కుడితి తొట్లో మూతులు పెడితే నువ్వు పక్కనే ఉన్నావు కదా బావా!"

తిడతాడనుకున్నాడు వెంకటకృష్ణయ్య, చెయ్యి చేసుకుంటాడనుకున్నాడు. అదే బాగుండేది. సీతారామారావు ఎడ్లను ఇంటివైపు మళ్లించాడు. నాలుగడుగులు వేసి ఆగిపోయాడు.

"ఇంటికాడ సూడిగేదె ఉంది," అన్నాడు మెల్లగా. "వీటిని ఇప్పుడు ఎక్కడికి తోలుకెళ్లను?"