మనిషిని సూపియ్యి

పెద్దమందడి బస్టాండులో పట్టపగలు, అందరూ చూస్తుండగా శాంతయ్యను కొట్టారు. నేను చూశాను. హోటల్లో చాయ్ తాగుతున్న కానిస్టేబులూ చూశాడు. చూసి గ్లాసులోకి తల దించుకున్నాడు.

శాంతయ్య కర్ణాటకలో సొరంగం పని దగ్గర్నుంచి పారిపోయి వచ్చాడు. బస్సు దిగుతూనే బాలకృష్ణ మేస్త్రీ మనుషులకు దొరికిపోయాడు. ఏటా మా పల్లెల్లో కూలీలను గుంపులు కట్టి, లారీలెక్కించి తోలుకుపోయే మేస్త్రీలలో బాలకృష్ణ పెద్దవాడు. ఒకసారి అడ్వాన్సు పుచ్చుకున్న కూలి పని ముగిసేదాకా తన సొత్తేనని ఆయనగారి నమ్మకం. ముగ్గురు కలిసి శాంతయ్యను మట్టిలో పడేసి కడుపులో తన్నారు. ఒకడు పార కర్ర తిరగేసి మోకాళ్ల మీద బాదాడు. నోటినిండా రక్తంతోనే శాంతయ్య అరిచాడు.

"యోహాను... యోహానుకు..."

మిగతా మాట బూటు కింద పోయింది. అతణ్ణి తాళ్లతో కట్టి లారీలోకి విసిరేసి, పారిపోయి వచ్చిన చోటికే మళ్లీ తీసుకుపోయారు. అడ్డం పోతే నాకు ఒక పన్ను ఊడింది. వలస కూలీల సంఘంలో తిరిగేవాడికి అదేం పెద్ద నష్టం కాదు.

చుట్టూ మూగిన జనంలో తిరుపతమ్మ ఉంది. పసిబిడ్డకు జ్వరమని దవాఖానకు వచ్చింది. యోహాను ఆమె భర్త. భార్య కడుపుతో ఉండగా సొరంగం పనికి పోయినవాడు బిడ్డ ముఖం ఇంకా చూడలేదు. శాంతయ్య నోట ఆ పేరు వినగానే ఆమె ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అన్నా, మా ఆయనకేమైందన్నా?" అని నన్ను పట్టుకుంది. నాకేం తెలుసు? ఆ సొరంగం సంగతి మేస్త్రీ చెబితేనే మా ఊళ్లకు తెలిసేది. అక్కడ మనిషి బతికున్నా చచ్చినా ఆ కబురు మేస్త్రీ నోట్లోంచే రావాలి. వీళ్ల బలమంతా అందులోనే ఉంది.

మర్నాడు వాడకట్టు ఆడవాళ్లంతా మేస్త్రీ వాకిట్లో కూర్చున్నారు. శాంతయ్య భార్య నాగేంద్రమ్మ అందరికంటే వెనక, గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమె ఎప్పుడూ పెద్దగా మాట్లాడే మనిషి కాదు.

"ఏందమ్మా ఈ లొల్లి?" అంటూ మేస్త్రీ పళ్లు తోముకుంటూనే బయటికి వచ్చాడు. "యోహాను మంచిగనే ఉన్నడు. ఆ తాగుబోతోని మాట పట్టుకొని నా ఇంటి మీదికొస్తరా?"

"మంచిగుంటే ఫోన్ల మాట్లాడియ్యి," అంది తిరుపతమ్మ.

మేస్త్రీ సెల్ ఫోను నొక్కి ఇచ్చాడు. అవతలినుంచి ఎవడో "బాగున్న, బాగున్న" అన్నాడు. తిరుపతమ్మ ఫోను తిరిగి ఇచ్చేసింది.

"గీ గొంతు మా ఆయనది గాదు."

"ఫోన్ల గొంతు గట్లనే ఉంటది."

"నాకు గొంతొద్దు. మనిషిని సూపియ్యి."

ఆ మాట ఒకరి తర్వాత ఒకరు అందుకున్నారు. వాకిలంతా అదే మాట. మేస్త్రీ చిరాకుపడ్డాడు. కొత్త గుంపు కోసం లారీలు వచ్చే వారమే ఇది. ఆడవాళ్లు అడ్డం తిరిగితే మగవాళ్లు ఎక్కరు. ఒక నిమిషం ఆలోచించి నవ్వాడు.

"సూపిస్త తియ్యి. ఆడ మా కంపిని ఆపీసుల కంపూటరున్నది, కెమెరా ఉన్నది. మన రేణుక తాన గూడ ఉన్నదంట గదా. రేపు పొద్దుగాల అందరు రాండ్రి. కండ్లార సూసుకొని, మగోళ్లను లారీ ఎక్కియ్యిండ్రి."

"మావోణ్ణి గూడ సూపియ్యి సారూ," అంది వెనకనుంచి నాగేంద్రమ్మ.

"వాడు డ్యూటీల ఉంటడు," అని మేస్త్రీ లోపలికి పోయాడు.

రేణుక డిగ్రీ చదివిన పిల్ల. పొదుపు సంఘానికి సర్కారు ఇచ్చిన ఇంటర్నెట్ కేంద్రం ఆమె నడిపేది. పిల్లల మార్కులు, హాల్‌టికెట్లు, మార్కెట్‌యార్డులో పల్లికాయ ధర, ఇవే అక్కడి పనులు. ఒక గది, ఒక కంప్యూటరు, గాలివాన వస్తే తెగిపోయే ఫోను తీగ. కెమెరా మాత్రం రేణుక తన డబ్బులతో కొని తెచ్చుకుంది.

మర్నాడు ఆ గది నిండింది. కిటికీ ఊచలకు జనం వేలాడారు. పాడు కరెంటు రెండుసార్లు పోయి వచ్చింది. చివరికి తెర మీద ముక్కలు ముక్కలుగా ఒక ముఖం తేలింది. యోహానే. కొత్త తెల్లచొక్కా, నూనె రాసి దువ్విన తల. పెళ్లిలో కూడా అంత నున్నగా దువ్వలేదని ఎవరో అంటే అందరూ నవ్వారు. తిరుపతమ్మ ఏడ్చింది.

"బాగున్నవా అయ్యా?"

"బాగున్న." మాట ఒకసారి వినిపించింది, పెదవులు ఇంకోసారి కదిలాయి.

"తింటున్నవా?"

"తింటున్న. అంత మంచిగున్నది. ఫికర్ జెయ్యకు."

"విన్నరా?" అని మేస్త్రీ జనం వైపు తిరిగాడు. తన తెలివికి తనే మురిసిపోతున్నాడు. ఆ గదిలో చాలామంది నమ్మారు కూడా. మనిషి కళ్ల ముందు కూర్చుని బాగున్నానంటే ఎవరు నమ్మరు?

అప్పుడు తిరుపతమ్మ చేసిన పని మేస్త్రీ ఊహించలేదు, నేనూ ఊహించలేదు. అది యంత్రమన్న సంగతే ఆమె మరిచిపోయింది. ఒళ్లోని బిడ్డను రెండు చేతులా ఎత్తి తెరకు అందించింది.

"ఇగో, నీ బిడ్డ. ఎత్తుకో."

అవతల ఆయనా మరిచిపోయాడు. నేర్పిన మాటలన్నీ మరిచి, బిడ్డ కోసం రెండు చేతులూ చాపాడు.

కుడి చెయ్యి వచ్చింది. ఎడమది చొక్కాచేతిలోంచి మణికట్టు దాకే వచ్చింది. అక్కడ నల్లబడిన గుడ్డ చుట్టి ఉంది, అంతే. కన్నడంలో ఎవడో కసిరాడు. పక్కనుంచి ఒక చెయ్యి వచ్చి యోహాను మెడ పట్టి లాగింది. తెర నల్లగా అయిపోయింది.

తిరుపతమ్మ బిడ్డను వెనక్కి లాక్కుని గుండెకు అదుముకుంది.

"నెట్టు పోయింది," అన్నాడు మేస్త్రీ.

"పోలె," అంది రేణుక. "ఆడున్నోళ్లే బంద్ జేసిన్రు. నెట్టు గిట్లనే ఉన్నది, సూడు."

మేస్త్రీ కనుసైగ చెయ్యగానే అతని మనుషులు లోపలికి దూకారు. ఇనుపరాడ్డు కంప్యూటరు మీద పడింది. రెండో దెబ్బకు రేణుక భుజం విరిగింది. ఎముక విరిగిన చప్పుడు కిటికీ దగ్గరున్న నాకు వినిపించింది. తిరుపతమ్మ బిడ్డను నాగేంద్రమ్మ చేతిలో పెట్టి మేస్త్రీ గొంతు మీదికి దూకింది. ఆ తర్వాత ఎవరు ఎవరిని కొట్టారో నేను చెప్పలేను. కుర్చీలు విరిగాయి, తలలు పగిలాయి. బస్టాండులో శాంతయ్యను తన్నినవాడు మురికికాలువలో పడి చేతులు జోడించాడు. మేస్త్రీ చొక్కా మా దగ్గర వదిలి జీపెక్కి పారిపోయాడు. చెప్పొద్దూ, నాకు చాలా సంతోషమైంది.

సాయంత్రానికి కేసు పెట్టారు. సర్కారు కంప్యూటరు పగలగొట్టామని మా మీదే.

అయినా లారీలు వచ్చాయి. వాటితో పోలీసులూ, పోలీసుల వెనకే మేస్త్రీ వచ్చారు. చౌరస్తాలో మూడు లారీలు, వాటి ముందు జనం. మూటలు కట్టుకుని వచ్చినవాళ్లు సగంమంది ఉన్నారు. మాలో మాకే మాటా మాటా పెరిగింది.

"ఎక్కకుంటే ఏం తింటం?" అన్నాడు చిన్నయ్య. ముసలివాడు. ఈ జిల్లా కూలీలు పోయిన ప్రతి ప్రాజెక్టులోనూ మట్టి మోసినవాడు. "వాన లేదు, పని లేదు. సంఘపోడు పెడ్తడా బువ్వ?"

తిరుపతమ్మ ముందుకు వచ్చింది.

"ఎక్కు మామా. ఎక్కేముందు జర నీ చేతులు నాకు సూపియ్యి. మళ్లొచ్చినప్పుడు ఎన్నున్నయో సూసుకోవాలె గద."

చిన్నయ్య ఆమెను చూశాడు, తన చేతులను చూసుకున్నాడు. మూట కింద పెట్టాడు. రెండు చేతులూ పైకెత్తి మేస్త్రీ వైపు నడిచాడు.

"మా చేతులు ఇవి. ఆడున్నోళ్లవి సూపియ్యి. అందర్ని సూపియ్యి. గప్పుడు ఎక్కుతం."

ఒక్కొక్కరే చేతులెత్తారు. ఆడా మగా చౌరస్తా అంతా పైకెత్తిన చేతులే. ఎస్సైకి అది లొంగుబాటులాగా కనిపించింది.

"గట్ల రాండ్రి దారికి. ఇగ ఎక్కుండ్రి," అన్నాడు.

ఎవరూ కదల్లేదు.

"తోలురా! వాళ్లే లేస్తరు," అని మేస్త్రీ డ్రైవరు మీద అరిచాడు. ముందు లారీ డ్రైవరు, శ్రీశైలం అనేవాడు, ఖిల్లా ఘణపూర్‌లో కూలివాళ్ల కొడుకు. ఇంజను ఆపి, తాళం తీసి జేబులో వేసుకుని దిగిపోయాడు. వెనక డ్రైవర్లూ అదే చేశారు.

అప్పుడు లాఠీలు లేచాయి. పైకెత్తిన చేతుల మీదే కొట్టారు. చిన్నయ్య వేళ్లు మొదటి దెబ్బకే విరిగాయి. అయినా చెయ్యి దించలేదు. మమ్మల్ని ఈడ్చి వ్యాన్లలో వేశారు. మేము పోయిన చోట ఇంకొకరు వచ్చి నిలబడ్డారు. లారీలు కదల్లేదు. ఇటిక్యాలలో కూడా కూలీలు లారీ ఎక్కలేదని స్టేషన్లోనే మాకు తెలిసింది.

రేణుక ఊరుకోలేదు. భుజానికి కట్టుతో వనపర్తి పోయి, బస్టాండు పక్క నెట్ సెంటర్లో కూర్చుని ఒంటిచేత్తో అంతా రాసింది. సొరంగం దగ్గరి పట్నంలోని కార్మిక సంఘానికి, విద్యార్థులకు ఇంగ్లీషులో మెయిల్ పంపింది. ఆ పిల్లలు దాన్ని కన్నడంలోకి, తెలుగులోకి కాగితాల మీద దించి రాత్రికి రాత్రి కూలీల గుడిసెల్లో పంచారు. ఆ కాగితాల్లో ఉన్నది ఒకటే మాట: మీ ఊళ్లో మీకోసం లారీలు ఆపారు, లాఠీలు తింటున్నారు. అది చదివించుకుని, సొరంగంలోని మనిషి ప్రతి ఒక్కడూ పని దించి బయటికి నడిచాడు. గేటు దగ్గర గూండాలు కొట్టారు. వీళ్లూ కొట్టారు. గేటు విరిగింది.

మేము బెయిలు మీద బయటికి వచ్చిన రోజు రేణుక అందరినీ వనపర్తికి పిలిచింది. ప్లైవుడ్డు అరల మధ్య ఒకరి మీద ఒకరు పడుతూ నిలబడ్డాం. తెర వెలిగింది. అటువైపు నెట్ సెంటరూ మా లాగే కిక్కిరిసి ఉంది. పగిలిన తలలు, మట్టి ముఖాలు. మధ్యలో యోహాను. ఈసారి వాళ్లను ఎవరూ అడగలేదు. వాళ్లే చేతులెత్తి చూపించారు. యోహాను ఉన్న చేతినీ, పోయిన చేతినీ ఎత్తాడు. తిరుపతమ్మ మళ్లీ బిడ్డను తెరకు చాపింది. మా వాళ్లంతా ఏడుస్తూ, ఈలలు వేస్తూ, వాళ్ల పేర్లు పిలిచారు.

"మరి మావోడేడి?"

నాగేంద్రమ్మ గొంతు. ఆమె తెర ముందుకు వచ్చి ఒక్కొక్క ముఖమే వెతుకుతోంది.

అటువైపు చేతులు ఒక్కొక్కటే దిగిపోయాయి.

"వదినా..." అన్నాడు యోహాను. "లారీల నుంచి దించంగనే మళ్ల కొట్టిన్రు. నా చెయ్యి సంగతి ఊర్ల చెప్పనీకి పోయిండని కొట్టిన్రు. తెల్లారెవరకు అన్న లేడు. సొరంగం మట్టి కిందనే పెట్టిన్రు. జాగ మాకు తెల్సు."

నాగేంద్రమ్మ ఏడుస్తుందని, కూలిపోతుందని ఆడవాళ్లు పట్టుకోబోయారు. ఆమె వాళ్ల చేతులు తోసేసింది.

"ఆ లారీలు ఇంక చౌరస్తాలనే ఉన్నయా?" అని అడిగింది.

ఉన్నాయి. మధ్యాహ్నానికి పెద్దమందడి చేరాం. ఎవరూ ఉపన్యాసం చెప్పలేదు. నాగేంద్రమ్మ లారీ వెనక తలుపు కొక్కెం తీసింది. వేళ్లకు కట్టుకట్టిన చిన్నయ్యను ఇద్దరు కింద నుంచి ఎత్తితే అందరికంటే ముందు ఎక్కాడు. గడ్డపారలు, పారలు పైకి అందించారు. ఎక్కవద్దని ఎస్సై అరుస్తున్నాడు. అదే నోటితో మొన్న ఎక్కమని అరిచి కొట్టించాడు. మేస్త్రీ తెప్పించిన మూడు లారీలూ నిండాయి.

శ్రీశైలం జేబులోంచి తాళం తీశాడు.

"ఏడికమ్మా?" అన్నాడు.

"మావోని తానికి," అంది నాగేంద్రమ్మ. "తోలు."