తాతగారి హస్తవాసి

మరిది పెట్టిన మద్యం కంపెనీలో బట్టీ దగ్గర నిలబడేది వదిన ఒక్కతే. గింజలు ఎంతసేపు నానాలో, రాగి బాన నుంచి వచ్చే ధారలో ఏది పట్టాలో, ఏది పారబోయాలో ఆమెకే తెలుసు. మరిదికి తెలిసిన పనల్లా మీసం దువ్వుకుని, వచ్చినవాళ్లకు "ఇది మా తాతగారి రహస్యం" అని చెప్పడం. ఆ తాతగారు బతికినన్నాళ్లూ పాలు తప్ప మరొకటి ముట్టి ఎరగడు.

ఒకనాడు పెద్ద హోటళ్లకు సరుకు కొనే ఆవిడ రుచి చూడటానికి వచ్చింది. మరిది చేతికందిన సీసా తీసి గ్లాసులో పోసి, వాసన పీల్చి, కళ్లు మూసుకున్నాడు.

"చూశారా మేడమ్, తాతగారి హస్తవాసి అంటే ఇదీ."

"అది తొలిధార, మరిదిగారూ. తాగేది కాదు. అద్దాలు తుడవడానికి పక్కన పెట్టాను," అంది వదిన.

"మా వదినకు వేళాకోళం ఎక్కువ," అంటూ అతను ఒక గుక్క మింగాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, అయినా "అమృతం" అన్నాడు.

గాడిదకేం తెలుసు గంధపు వాసన అనుకుని, వదిన ఏప్రాన్ విప్పి కొక్కేనికి తగిలించి బయటికి నడిచింది. హోటళ్ల ఆవిడ వెనకే వచ్చింది.

"అసలు సరుకు చేసేది ఎవరండీ?"

"ఇవాళ్టిదాకా ఇక్కడ నేనే చేశాను. ఇకమీదట నా సొంత షెడ్డులో చేస్తాను."

రెండేళ్లు తిరిగేసరికి ఆ హోటళ్లన్నిటిలోనూ వదిన సీసాలే ఉన్నాయి. మరిది కంపెనీకి తాళం పడింది.

"వాడు మళ్లీ కలిసి చేద్దామంటున్నాడు," అన్నాడు ఆమె భర్త, తమ్ముడి తరఫున నసుగుతూ.

"సీసాలు కడగడానికి మనిషి కావాలి, రమ్మనండి," అంది వదిన ధార మీంచి చూపు తిప్పకుండా.