ఆక్లాండ్‌లో మంగళవారం

మా అన్నయ్య కృష్ణమోహన్ ఏ రోజు, ఎన్ని గంటలకు పోవాలో లెక్క కట్టింది నేనే. ఎవరో నా మొహం మీద అనేలోగా ఈ మాట నేనే చెప్పేస్తున్నాను.

టైముల విషయంలో నాకు పొగరు. ఇరవై రెండేళ్లుగా హైదరాబాద్ టీమ్‌తో కాల్స్ నడుపుతున్నవాణ్ణి. ఇక్కడ అమెరికాలో, డాలస్ పక్కన కాపెల్‌లో మావాళ్లెవరైనా "రాజారావు గారూ, ఇప్పుడు ఇండియాలో ఎంతయింది?" అంటే ఫోన్ చూడకుండా చెబుతాను. చలికాలంలో అయితే మన డాలస్ గడియారాన్ని అరగంట వెనక్కి జరిపి, పగటిని రాత్రి చేసుకుంటే చాలు. తేదీ సంగతి నేనెప్పుడూ పట్టించుకోలేదు. కాల్‌కి కావలసింది గంట గానీ తేదీ కాదుగా!

డిసెంబరు మొదటి శనివారం అన్నయ్య గ్యారేజీలో కుప్పకూలిపోయాడు. మెదడులో నరం చిట్లింది. సోమవారం పొద్దున డాక్టరు రేణు వదిననీ నన్నూ కూర్చోబెట్టి, ఇక ఆశ లేదని చెప్పాడు. వెంటిలేటర్ తీసేస్తే కొద్ది నిమిషాలేనట. "ఎప్పుడన్నది మీ ఇష్టం. తొందరేమీ లేదు," అన్నాడు. ఆ తొందరేమీ లేదన్న మాట రెండుసార్లు అన్నాడాయన.

వాళ్లకు ఒక్కతే కూతురు, తార. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, రెండేళ్లుగా న్యూజిలాండ్‌లో ఆక్లాండ్‌లో ఉద్యోగం చేస్తోంది. మధ్యాహ్నం పన్నెండింటికి నా ఫోన్‌కి దాని వాయిస్ మెసేజ్ వచ్చింది. ఏడుస్తూ మాట్లాడింది.

"బాబాయ్, టికెట్ దొరికింది. డైరెక్ట్ ఫ్లైట్. ట్యూస్‌డే మధ్యాహ్నం రెండింటికి ఇక్కడ స్టార్ట్, పదమూడున్నర అవర్స్. నాన్నని ఒక్కసారి చూడాలి. ప్లీజ్ బాబాయ్, నా కోసం వెయిట్ చేయండి."

వదిన నా చెయ్యి పట్టుకుంది. "ఎప్పటికి వస్తుంది రాజా?"

నేను కళ్లు మూసుకుని లెక్క వేశాను. ఆక్లాండ్ గడియారం మనకంటే అయిదు గంటలు తక్కువ చూపిస్తుంది. అక్కడ రెండంటే ఇక్కడ రాత్రి ఏడు. మంగళవారం ఏడింటికి పదమూడున్నర కలిపితే బుధవారం పొద్దున ఎనిమిదిన్నర. అర నిమిషం కూడా పట్టలేదు.

"బుధవారం పొద్దున," అన్నాను.

అంతవరకైతే ఆగేవాళ్లమే. కానీ గుడి పంతులు గారికి ఫోన్ చేసింది కూడా నేనే. మంగళవారం పొద్దున పదింటికి ధనిష్ఠా నక్షత్రంతో పంచకం మొదలవుతుందని ఆయన చెప్పారు. ధనిష్ఠలో ప్రాణం పోతే ఆ ఇల్లు ఆరు నెలలు మూసెయ్యాలి. మా ఇళ్లల్లో అది కాదనే ధైర్యం ఎవరికీ లేదు. మొగుడు పోయిన మనిషి తాళం వేసిన ఇంటి బయట ఆర్నెల్లు ఎక్కడుంటుంది? మంగళవారం ఎనిమిదింటికే కానిచ్చేద్దామన్నాను.

"పంచకమో గించకమో, నాకొద్దు," అంది వదిన. "అది వాళ్ల నాన్నని చూడాలి."

"చూసినా ఆయనకి తెలియదు వదినా. ఇల్లు మూస్తే మీరెక్కడుంటారు? నా మాట వినండి."

పెద్దవాడిలా మాట్లాడాను. ఆమె తల దించుకుంది. సంతకం పెట్టింది.

ఆ సాయంత్రం ఏడున్నరకి వదిన తారకి ఫోన్ చేసింది. స్విచాఫ్. మళ్లీ చేసింది. "ఫ్లైట్ ఎక్కేసిందేమో రాజా," అంది నా వైపు చూసి.

నాకు విసుగొచ్చింది. నిజం చెప్పాలి కదా, విసుగే వచ్చింది. "ఫ్లైట్ రేపు వదినా. ఇవాళ సోమవారం. ఛార్జింగ్ అయిపోయుంటుంది," అన్నాను. ఆమె ఫోన్ ఒళ్లో పెట్టుకుంది.

తారతో నోటితో చెప్పే ధైర్యం లేక మెసేజ్ పెట్టాను. రేపు పొద్దున ఎనిమిదింటికి తీసేస్తున్నామని, నువ్వొచ్చేదాకా ఆగలేకపోతున్నామని, క్షమించమని. వాట్సాప్‌లో ఒక్క టిక్కే పడింది, అంటే చేరలేదు. దాన్ని కూడా ఛార్జింగ్ మీదకే నెట్టేశాను.

మంగళవారం ఎనిమిదింటికి నర్సు వచ్చి గొట్టం తీసింది. వదిన ఆయన నోట్లో తులసినీళ్లు పోసింది. నేను చెవిలో నారాయణ అన్నాను. ఎనిమిదీ ఇరవైకి అన్నయ్య పోయాడు. ధనిష్ఠకి ఇంకా గంటా నలభై నిమిషాలుందని నా బుర్రలో మెదిలింది. ఆ క్షణంలో నాకు తృప్తి కూడా కలిగింది. ఆ తృప్తిని తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఎనిమిదీ నలభైకి ఫోన్ మోగింది. తార. స్పీకర్ నొక్కాను.

"బాబాయ్! ఇప్పుడే మీ మెసేజ్ చూశాను. ఆపండి. స్టాప్ చేయండి. నేను వచ్చేశాను."

"ఎక్కడికొచ్చావమ్మా?" అన్నాను.

"డాలస్‌కి! ఇప్పుడే లాండ్ అయింది. ఇంకా ఫ్లైట్‌లోనే ఉన్నాను."

"నువ్వు బయల్దేరేది మంగళవారం అన్నావు కదా..."

"మంగళవారమే బాబాయ్. ఇక్కడ ఇవాళే కదా మంగళవారం? అక్కడ ముందు వస్తుంది, ఇక్కడ తర్వాత వస్తుంది. ఆపారు కదా? డాక్టర్‌కి చెప్పండి, జస్ట్ హాఫ్ అవర్."

అప్పుడు తెలిసింది. ఆక్లాండ్ మనకంటే అయిదు గంటలు వెనక కాదు, పంతొమ్మిది గంటలు ముందు. గడియారం ముల్లు రెండు లెక్కల్లోనూ ఒక్కచోటే నిలబడుతుంది. తేడా రోజులో ఉంది. అక్కడి మంగళవారం రెండు, ఇక్కడి సోమవారం ఏడు. వదిన ఫోన్ చేసిన వేళకి పిల్ల గాల్లో ఉంది. ఆమెకి ఏ లెక్కా రాదు, అయినా సరిగ్గా చెప్పింది.

"బాబాయ్, వినిపిస్తోందా? నాన్న ఉన్నారు కదా?"

నేను ఫోన్ వదిన వైపు చాచాను. తల్లి కదా, ఎలాగో ఒకలా చెబుతుందనుకున్నాను. ఆమె దుప్పటి కింద అన్నయ్య చేతిని పట్టుకుని కూర్చుంది. ఫోన్ అందుకోలేదు. అరవలేదు, తిట్టలేదు. రెండు రోజుల్లో మొదటిసారి నా కళ్లలోకి సూటిగా చూసింది.

"నువ్వే చెప్పు రాజా. లెక్క నువ్వే కదా వేశావు," అంది.

"బాబాయ్?" అంది తార.

చెప్పాను.