వేలికణుపు తీర్పు

చెక్క ఏదో తేల్చడానికి పెద్దమేస్త్రికి కళ్ళతో పనిలేదు, వేలికణుపు చాలు. టకటకా రెండు దెబ్బలు కొట్టి, టేకో పొట్టు నొక్కిన బోర్డో చెప్పేస్తాడు. నలభై ఏళ్ళ వడ్రంగంలో ఆ తీర్పుకి ఎదురుచెప్పినవాడు లేడు. ఆ తీర్పుతోనే తొమ్మిదేళ్ళ కిందట సొంత తమ్ముణ్ని ఇంట్లోంచి వెళ్ళగొట్టాడు. వదిన ముచ్చటపడిందని తమ్ముడు అలమర చేసి, తెల్లరంగు వేసి, గోడకి ఆనించి బిగించాడు. అన్న వచ్చి తలుపు తీసి, గోడవైపు పక్కచెక్క మీద కొట్టాడు. మొద్దుగా మోగింది. నేనిచ్చిన టేకు ఎవడికో అమ్ముకుని బోర్డు పెట్టావు, దొంగవి అన్నాడు. తమ్ముడు పనిముట్ల సంచి భుజాన వేసుకుని, పెళ్ళాన్ని వెంటబెట్టుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ గడప తొక్కలేదు.

ఈ పూట కోడలు చెక్కబీరువా కొంటానంటే, ఎక్కడ మోసపోతుందోనని మేస్త్రి వెంటబడి వచ్చాడు. దుకాణంలో అడుగుపెట్టింది మొదలు ఆ కణుపుకి తీరిక లేదు. ఇది రంపప్పొట్టు, అది అతికించిన పుల్లలు అంటూ సగం సరుకుని తీసిపారేశాడు. చివరికి ఓ బీరువా దగ్గర ఆగి, రెండుసార్లు కొట్టి, ఇదమ్మా అసలు టేకు, కళ్ళు మూసుకుని తీసుకో అన్నాడు.

దుకాణంలో పనిచేసే అమ్మాయికి ఇక ఉండబట్టలేదు. తలుపు మడతబందు విప్పి, దాని కింది గుంట చూపించింది. గుంటలో చెక్క నార అన్నదే లేదు. అంతా ఒకే గోధుమరంగు పిండి.

“ఎండీఎఫ్ అండీ. చెక్కని నూరి, జిగురు కలిపి నొక్కిన బోర్డు. పైన మాత్రం కాగితమంత టేకు పొర.”

మేస్త్రి మళ్ళీ కణుపుతో కొట్టి చూశాడు. మరి చెక్కలాగే మోగిందేమని అడిగాడు. మందంగా ఉంటే అలాగే మోగుతుందనీ, అసలు టేకునైనా గోడకి ఆనిస్తే మొద్దుబారిపోతుందనీ, చప్పుడు నమ్మొద్దని పనిలో చేరిన రోజే తమకి చెబుతారనీ అమ్మాయి మామూలుగా చెప్పింది.

గోడకి ఆనించిన తెల్ల అలమర మేస్త్రి కళ్ళముందు మెదిలింది. గిరుక్కున తిరిగి బయటికి నడిచాడు. కోడలు బేరం వదిలేసి వెనకే పరిగెత్తింది.

ఇంటికి రాగానే అలమర తెరిచి, తలుపు కోడల్ని పట్టుకోమని, ఆ పక్కచెక్కకున్న బందు ఊడదీశాడు. కింద రంగు అంటలేదు. బంగారు ఛాయ చెక్క, ఎక్కడా తెగని నార. గోరుతో గీకితే టేకు వాసన గుప్పుమంది. మేస్త్రి అక్కడే నేలమీద చతికిలబడ్డాడు. అలాంటి తమ్ముణ్ని ఆ రోజు వాడి పెళ్ళాం ముందే దొంగన్నాడు.

తొమ్మిదేళ్ళుగా ఆ ఇంట్లో తమ్ముడి పేరెత్తడానికి వీల్లేదు. ఎవరూ అడగకుండానే కోడలు చిన్నమామగారికి ఫోను కలిపి మామగారి చేతిలో పెట్టింది. అటువైపు రంపం కోస్తున్న చప్పుడు. ఎవరని అడుగుతున్నాడు తమ్ముడు.

“నేనేరా. అది టేకేరా.”

రంపం ఆగింది.

“నాకు తెలుసు కదన్నయ్యా,” అన్నాడు తమ్ముడు.